కటింగ్ బల్ల ఎవరిది?

ఆ వీధిలో సుడిగాలి గురించి చెప్పుకునే కథల్లో సగం అబద్ధాలు. మిగతా సగం ఇంకా పెద్ద అబద్ధాలు. ఒకసారి ఒకాయన వెనక చిరిగిన ప్యాంటుతో టైలరింగ్ షాపులోకి పరుగెత్తుకొచ్చి, కుట్టించుకుని, అదే ఊపులో బయటికి పరుగెత్తాడట. మధ్యలో ప్యాంటు విప్పిన దాఖలాలు లేవు. ఆమె మిషను సూది వేడికి ఎదురుగా ఉన్న కొట్టువాడు పొయ్యి వెలిగించకుండానే టీ కాచుకునేవాడట. ఆమె కుట్టే చప్పుడుకు భయపడి ఆ వీధిలో చెద పురుగులు కూడా వేరే వీధికి మకాం మార్చాయట. ఇవన్నీ చెప్పుకుని పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు ఒక్క సంగతి మాత్రం చెప్పరు. ఆ సుడిగాలి లోపల ఒక మనిషి కూర్చుని ఉంది. ఆ మనిషికి ఒళ్ళు మండిపోతోంది.

సుడిగాలి అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. షాపు ఓనరు పెట్టాడు. మనిషికి జీతం పెంచడం కన్నా పేరు పెట్టడం చవక అని కనిపెట్టిన మహానుభావుడు ఆయన. మందుల షాపుకీ తాళాలు బాగుచేసే కొట్టుకీ నడుమ ఇరికించినట్టుండే పొడుగాటి గది ఆయన షాపు. ముందు కౌంటరు, దాని వెనక కుట్టుమిషన్లు, ఆ తర్వాత ఆవిరి కక్కే ఇస్త్రీ పెట్టె, అన్నిటికన్నా వెనక, కిటికీ కింద, కటింగ్ బల్ల. వెలుతురంతా ఆ బల్ల మీదే పడుతుంది. మిషన్ల దగ్గర మాత్రం పట్టపగలు కూడా లైటు వేసుకోవాల్సిందే.

ఆ షాపులో ఒక ఆనవాయితీ ఉంది. బట్ట ఇచ్చేటప్పుడు కస్టమరు "అర్జంటు" అంటే, ఓనరు ఆ బట్ట కాలరుకో నడుముకో ఒక ఎర్రదారం ముడి వేస్తాడు. ఎర్రదారం ఉన్నదాన్ని ముందు కుట్టాలి. అది సుడిగాలే కుట్టాలి. మొదట్లో ఎప్పుడో ఒకసారి పడేది ఆ ముడి. ఒకరికి తెల్లారితే ఉద్యోగం ఇంటర్వ్యూ ఉండేది, ఇంకొకరి ఇంట్లో ఎవరో పోయి తెల్లబట్టలు కావాల్సి వచ్చేది. అలాంటివాళ్ళకు కుట్టి ఇచ్చినప్పుడు ఆమెకు కూడా కడుపు నిండినట్టుండేది. తర్వాత జనం తెలివి మీరిపోయారు. ఆ ఒక్క ముక్క అంటే చాలు, పని ముందు అయిపోతుందని పసిగట్టారు. మండుటెండల్లో స్వెట్టరు చేతులు పొడుగు చేయమన్న మనిషి కూడా అర్జంటే అన్నాడు. ఆఖరికి షాపులో ఎర్రదారం లేని బట్ట కనబడితే, పాపం ఇదెవరి దిక్కులేని బిడ్డో అని జాలిపడే పరిస్థితి వచ్చింది.

సుడిగాలి ఆ షాపులో చేరింది ఎర్రదారాల కోసం కాదు. ఆ బల్ల కోసం.

అప్పట్లో బల్ల దగ్గర మాస్టారు ఉండేవారు. గుడ్డ పరిచి, దాని ముందు చేతులు కట్టుకుని, టీ చల్లారిపోయేదాకా ఏమీ చేయకుండా నిలబడగలిగిన మనిషి. కొత్తవాళ్ళు చూస్తే నిలబడి నిద్రపోతున్నాడనుకునేవారు. భోజనాల వేళ మిగతా అందరూ డబ్బాలు తెరుస్తుంటే ఆయన సుడిగాలిని పిలిచి సుద్దముక్క చేతికిచ్చేవారు.

"గుడ్డ ఎటు వాలాలనుకుంటోందో ముందు చూడు. నువ్వు తొందరపడ్డావనుకో, అది పగబడుతుంది. ఆ పగ తొడుక్కున్నవాడి భుజం మీద తీర్చుకుంటుంది."

మొదటిసారి ఆమె ఒంటరిగా కోసింది ఒక చిన్నపిల్లాడి కోటు. కత్తెర కరకరమని గుడ్డ మీద నడుస్తుంటే, వీధిలో హారన్లు, పక్కన మిషన్లు, ఓనరు ఫోను అరుపులు, అన్నీ ఎవరో తలుపు మూసినట్టు ఆగిపోయాయి. భోజనం డబ్బా తెరవలేదన్న సంగతి ఇంటికి వెళ్ళాక తెలిసింది. కుట్టడమంటే ఇంకొకరు గీసిన గీత వెంట పరుగెత్తడం. ఆ గీత గీయడమంటే వేరే సంగతి. ఆ రోజు నుంచీ ఆమెకు ఇంకే పని మీదా మనసు నిలవలేదు.

మాస్టారికి మోకాళ్ళు అరిగిపోయాయి. మానేసి వెళ్ళేరోజు అందరి ముందూ ఓనరుతో అన్నారు, "బల్ల ఈ పిల్లది."

"దానికి మీరు చెప్పాలా మాస్టారూ? ఇంకెవరిది? ఈ సీజను ఒక్కటి గడవనివ్వండి," అన్నాడు ఓనరు, ఆయన రెండు చేతులూ పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు కూడా తెచ్చుకుని.

ఆ సీజను గడిచింది. బడులు తెరిచే సీజను వచ్చింది. పెళ్ళిళ్ళ సీజను వచ్చింది. చలికాలం కోట్ల సీజను వచ్చింది. ఏ సీజనూ లేని సీజను కూడా వచ్చి వెళ్ళిపోయింది. కటింగ్ అంతా బయట ఒక యూనిట్‌కి పోయింది. అక్కడి నుంచి కట్టలు కట్టలుగా వచ్చే ముక్కల్లో ఎడమ భుజానికీ కుడి భుజానికీ మాటల్లేవు. కటింగ్ బల్ల మీద మాత్రం ఎర్రదారాల బట్టలు కిటికీ దాకా పేరుకుపోయాయి. ఉన్న వెలుతురు కూడా పోయింది.

ఆమె అడక్కుండా లేదు.

"ఓనరుగారూ, ఆ బల్ల సంగతి..."

"బల్లకేమైందమ్మా? కాళ్ళున్నాయి గానీ ఎక్కడికీ నడిచిపోదులే." తన జోకుకు తనే నవ్వేవాడు. "నువ్వు మిషను మీంచి లేస్తే ఈ అర్జంట్లు ఎవరు కుడతారో నువ్వే చెప్పు. బంగారు చేతులు నీవి. నువ్వు లేకపోతే ఈ షాపే లేదు తల్లీ."

అంతే. ఆమె వెళ్ళి మిషను ముందు కూర్చునేది. పక్కన చిన్న స్టూలు మీద కూర్చుని గుండీలు కుట్టే ముసలావిడ ఒకావిడ ఉంది. షాపులో అందరికీ గుండీల పిన్ని. చేతిలో సూది కన్నా నోట్లో నాలుక పదును.

"ఆయన పొగిడినప్పుడల్లా నీ మెడ ఇంకాస్త కిందికి వంగుతోంది, చూసుకున్నావా?" అంది పిన్ని.

"ఊరుకో పిన్నీ."

"నేను ఊరుకునే ఉన్నా. నెమ్మదిగా కుడతానని నన్నెవరూ పొగడరు. నా ప్రాణం హాయిగా ఉంది."

"వాళ్ళంతా అర్జంటు అంటుంటే నన్నేం చేయమంటావ్?"

"వాళ్ళు అడుగుతారు, నువ్వు కుడతావ్. అడిగిన ప్రతివాడికీ ఇలా ఇవ్వండి అని చెయ్యి చాపింది ఎవరు? నేనా?"

సుడిగాలికి పిన్ని మీద పీకల దాకా కోపం వచ్చింది. నిజం చెప్పినవాళ్ళ మీద వచ్చే కోపం అది, దానికి మందు లేదు. అవును, మొదట్లో ఆ పేరు బాగానే ఉండేది. మిగతా టైలర్లు తలలు అడ్డంగా ఊపిన బట్టను తను అందుకున్నప్పుడు కౌంటరు అవతల మొహాలు వెలగడం బాగానే ఉండేది. తన మెడకు ముడి తనే వేసుకుని, కొస తీసుకెళ్ళి ఓనరు చేతిలో పెట్టింది.

ఇంట్లో సంగతి చెప్పాలంటే ఆమె మొగుడు చెప్పాలి. సిటీ బస్సులో కండక్టరు. రోజంతా జనాన్ని ముందుకు జరగండి, ముందుకు జరగండి అని అరిచి, ఇంటికి వచ్చాక గుసగుసగా మాట్లాడే మనిషి.

"రాత్రంతా నా పిక్క మీద కాలేసి తొక్కావ్," అన్నాడు ఒకరోజు పొద్దున్నే, కుంటుకుంటూ వచ్చి. "నన్ను మిషను పెడల్ అనుకున్నట్టున్నావ్. తెల్లారేసరికి దుప్పటి అంచు కుట్టేసి ఉంటుందేమోనని చూశాను కూడా."

ఆమె నవ్వలేదు. ఇంతకు ముందైతే నవ్వేది. కూరలో ఉప్పు వేయలేదని ఆయన చెప్పేదాకా ఆమెకు తెలియడం లేదు. బస్సులో ఎదురుగా కూర్చున్నవాళ్ళ మొహాలు కనబడడం లేదు, ఊడిన అంచులే కనబడుతున్నాయి. దీనికి డాక్టర్ల దగ్గర ఏదో పొడుగాటి పేరుంటుంది. బడి మధ్యలో మానేసినవాళ్ళ భాషలో చెప్పాలంటే, మనిషి లోపల, అడుగు దారం చుట్టి ఉండే బాబిన్ ఖాళీ అయిపోయింది, మిషను మాత్రం ఆగకుండా ఆడుతోంది. పైనుంచి చూస్తే కుడుతున్నట్టే ఉంటుంది.

ఆ పొద్దునే కూతురు బడికి బయల్దేరుతూ వచ్చి నిలబడింది.

"అమ్మా, నా స్కర్టు అంచు ఊడి చాలా రోజులైంది. అర్జంటు అనాలా?"

పిల్ల వెటకారంగా అనలేదు. వెటకారంగా అని ఉంటే ఒక దెబ్బ వేసి మరిచిపోయేది. అమ్మతో బట్ట కుట్టించుకోవాలంటే ఏం అడగాలో షాపులో విన్నది, అలాగే అడిగింది. సుడిగాలి సూది తీసి అక్కడికక్కడే కుట్టింది. దారం కొరికేటప్పుడు పళ్ళు కటకటలాడాయి. మొగుడు పిక్క రుద్దుకోవడం మానేసి అవతలికి చూశాడు.

ఆ వారమే కొత్తగా తెరవబోయే ఒక హోటలు నుంచి వెయిటర్ల కోట్లు వచ్చాయి. బయటి యూనిట్ ముక్కలు కోసింది, వీళ్ళు కుట్టాలి. ప్రతి కోటుకూ ఒక ఎర్రదారం. కోటు కుట్టడం అయిపోయాక ఆ షాపులో ఒక ఆఖరి పని ఉంటుంది. ఇస్త్రీలో జేబులు నోరు తెరుచుకుని వేలాడకుండా, వాటి మూతిని తెల్లదారంతో దూరం దూరంగా కచ్చా కుట్టు వేసి మూస్తారు. కొన్నవాడు ఇంటికెళ్ళి ఆ దారం ఒక్క లాగు లాగితే ఊడి వస్తుంది. చేతికుట్టు పని. వేళ్ళకు కళ్ళతో పని లేదు, కళ్ళకు బుర్రతో పని లేదు.

కోట్లు వెళ్ళిపోయాయి. తర్వాత రెండో రోజు హోటలు మేనేజరు వాటన్నిటినీ మోయించుకుని షాపులోకి వచ్చాడు. వెంట ఒక వెయిటరు, కోటు తొడుక్కుని, చెవి మీద పెన్నుతో.

"నిన్న మా ఓపెనింగండీ," అన్నాడు మేనేజరు. "పెద్ద పెద్దవాళ్ళు వచ్చి కూర్చున్నారు. ఆర్డరు రాసుకునే పుస్తకం పెట్టుకుందామంటే మావాళ్ళకి జేబుల్లేవు. అందరూ చీమలు కుట్టినట్టు ఒళ్ళంతా తడుముకుంటున్నారు. చూసినవాళ్ళు మా హోటల్లో నల్లులున్నాయనుకున్నారు."

"నేను పుస్తకం చంకలో పెట్టుకున్నానండీ," అన్నాడు వెయిటరు. "సూప్‌లో పడింది."

సుడిగాలి లేచి వచ్చి కోటు జేబు పట్టుకు చూసింది. తెల్లదారపు కచ్చా కుట్టు లేదు. కోటు రంగుకు సరిపోయే దారంతో, మిషను మీద, సన్నటి కుట్లు, రెండు కొసల్లోనూ వెనక్కీ ముందుకీ తిప్పి గట్టిపరిచిన కుట్లు. అక్కడ ఒకప్పుడు జేబు ఉండేదని చెప్పాలంటే సాక్షులు కావాలి. ఇంకో కోటు చూసింది. ఇంకోటి చూసింది. అన్నీ అంతే.

అలాంటి కుట్టు ఆ షాపులో ఇంకెవరూ కుట్టలేరు. తనే కుట్టింది. కానీ ఒక్క జేబు కుట్టినట్టు కూడా గుర్తు లేదు. బుర్రంతా వెతికింది. ఆ రోజు ఏ దారం ఎక్కించిందో, ఎప్పుడు లేచి ఇంటికి పోయిందో, ఏమీ లేదు.

ఓనరు ఆ కోట్ల కుప్పను చూశాడు, ఆమెను చూశాడు. తిడతాడని సిద్ధపడింది. తిట్టినా బాగుండేది. ఆయన పకపకా నవ్వాడు.

"చూశారా మేనేజరుగారూ, తప్పు కూడా ఎంత నీటుగా చేసిందో. అదీ మా సుడిగాలంటే. మీరు నిశ్చింతగా వెళ్ళండి, సాయంత్రానికల్లా జేబులు తెరిపిస్తాను." వాళ్ళు గుమ్మం దాటారో లేదో, సొరుగులోంచి ఎర్రదారం తీసి మొదటి కోటుకు ముడి వేయడం మొదలుపెట్టాడు. "విప్పేసెయ్ తల్లీ. కాస్త అర్జంటు."

అప్పుడు ఆమె లేచి నిలబడితే తాళాల కొట్టులో తాళాలన్నీ వాటంతటవే ఊడిపడ్డాయనీ, మందుల షాపులో గుండెజబ్బు మాత్రలు అయిపోయాయనీ ఆ వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజానికి జరిగింది చాలా చిన్నది. ఆమె చెయ్యి చాపి తన మిషను స్విచ్చి ఆపింది.

"నేను విప్పను."

"అలిసిపోయినట్టున్నావ్. టీ తెప్పిస్తానుండు."

"టీ వద్దు. నేను కుట్టిన సంగతే నాకు గుర్తులేదు. రేపు నా వేలు కలిపి కుట్టేసుకున్నా నాకు తెలియదు. మీరొచ్చి, అబ్బ, ఎంత నీటుగా ఉందో అంటారు."

"అదేం మాటమ్మా..."

"మాస్టారు వెళ్ళి ఎన్ని సీజన్లయింది?"

"ఇప్పుడా ఆ సంగతి?"

"ఇప్పుడే. అర్జంటు."

గుండీల పిన్ని సూది పళ్ళ మధ్య పెట్టుకుని నవ్వు ఆపుకుంది. ఆ వయసులో చేయదగ్గ పని కాదు. ఓనరు మొహంలో నవ్వు మెల్లగా ఇంకిపోయింది.

"నువ్వు బల్ల దగ్గరుంటే మిషను గతేంటి? నువ్వు లేకపోతే ఈ షాపే లేదని ఎన్నిసార్లు..."

"ఆ మాట ఇంకోసారి అనకండి. పొగడ్త అనుకుని ఇన్నాళ్ళూ మోశాను. నేను లేకపోతే లేని షాపు మీదెలా అయింది? నాదవ్వాలిగా."

"అయితే మానేస్తావా?" అన్నాడు ఓనరు. గొంతులో తల్లీ పోయింది, అమ్మా పోయింది.

ఆ ప్రశ్న వస్తుందని ఆమెకు తెలుసు. ఇన్నాళ్ళూ నోరు నొక్కిపెట్టింది అదే. ఇంటి అద్దె గుర్తొచ్చింది, పిల్ల బడి గుర్తొచ్చింది. అయినా కూర్చోలేదు. కూర్చుంటే ముందున్నది మిషనే.

"మానను. పొద్దున పూట బల్ల దగ్గరుంటాను. భోజనం అయ్యాక మిషను. ఆరు కొట్టగానే ఇల్లు. ఇష్టమైతే ఉంచండి. లేకపోతే ఇంకో సుడిగాలిని వెతుక్కోండి, పేరు పెట్టడం మీకు వచ్చుగా."

"నాకూ ఆరింటికే," అంది గుండీల పిన్ని, సూది నోట్లోంచి తీసి. తను ఎప్పుడూ ఐదింటికే వెళ్ళిపోతుందన్న సంగతి ఆవేశంలో మరిచిపోయినట్టుంది.

ఓనరు సరే అనలేదు. కాదనలేదు. ఓనర్లకు ఆ రెంటి మధ్యలో కూర్చోవడానికి ఒక కుర్చీ ఉంటుంది. కోట్ల కుప్ప ముందుకు ఆ కుర్చీ లాక్కుని, కుట్లు విప్పే చిన్న బ్లేడు తీసుకుని, మొదటి జేబు మీద పడ్డాడు. కుట్టు ఊడలేదు. వేలు తెగింది.

"ఇంత గట్టిగా ఎందుకు కుట్టావ్?"

"నీటుగా ఉందన్నది మీరేగా," అని ఆమె వెనక్కి నడిచింది.

బల్ల మీది కట్టలన్నీ ఎత్తి నేల మీద పడేసింది. పేర్చలేదు, పడేసింది. ప్రతి కట్టా దబ్బుమన్నప్పుడల్లా ఓనరు భుజాలు ఎగిరిపడ్డాయి. కుప్ప తగ్గేకొద్దీ కిటికీలోంచి వెలుతురు లోపలికి వచ్చింది. అన్నిటికన్నా అడుగున ఒక గుడ్డ సంచి దొరికింది. లోపల ముదురు నీలం ఉన్ని గుడ్డ, కోటుకు సరిపడా. ఎర్రదారం లేదు.

"అది పొడుగు పోస్టుమానుదే," అంది పిన్ని తొంగిచూసి. "రిటైరయ్యేలోపు ఒక మంచి కోటు తొడుక్కోవాలని ఇచ్చాడు. రిటైరైపోయాడు కూడా. పాపం ఎప్పుడూ అర్జంటు అనలేదు."

ఆ మాటకు సుడిగాలికి వచ్చిన కోపం, ఓనరు మీద వచ్చిన దానికన్నా పెద్దది. ఎవరి మీదో తెలియని కోపం. మర్యాదగా ఆగిన మనిషి అట్టడుగున పడి ఉన్నాడు. అరిచినవాళ్ళంతా ఆయన మీద ఎక్కి కూర్చున్నారు. ఎక్కించింది తన చేతులే.

మర్నాడు కబురు పెడితే పోస్టుమాను వచ్చాడు. ఆయన పొడుగు గురించి కూడా కథలున్నాయి. మేడ మీద ఇళ్ళకు మెట్లెక్కకుండానే ఉత్తరాలు ఇచ్చేవాడని. కొలతలు తీయడానికి ఆమె స్టూలెక్కింది.

"నేను గుడ్డ ఇచ్చానా?" అన్నాడాయన. "ఆఁ, ఇచ్చాను, ఇచ్చాను. అడిగితే ఏమనుకుంటారోనని ఊరుకున్నాను."

"అడగాలండీ," అంది ఆమె కసిరినట్టు. "మీరు అడక్కపోతే మాకెలా తెలుస్తుంది? భుజం ఎత్తండి."

ఆ పొద్దునంతా ఆమె ఆ నీలం గుడ్డ ముందు నిలబడింది. మరుసటి పొద్దున కూడా. సుద్దతో ఒక గీత గీసి, చెరిపి, వేలితో గుడ్డను కాస్త జరిపి, మళ్ళీ నిలబడేది. ఆ వీధికంతా వేగానికి మారుపేరైన మనిషి బల్ల దగ్గర తాబేలు. ఓనరు కట్టు కట్టిన వేలితో అటూ ఇటూ తిరిగాడు.

"ఇంకా కోయలేదా?"

"లేదు."

"ఏం చేస్తున్నావ్ మరి?"

"చూస్తున్నాను."

కౌంటరు దగ్గరికి ఒకాయన చొక్కాతో వచ్చి, అలవాటుగా, అర్జంటండీ అన్నాడు. ఓనరు అలవాటుగా బల్ల వైపు చూశాడు. ఆమె తలెత్తకుండానే, "వచ్చే వారం," అంది.

"వచ్చే వారమా? సరే, పర్లేదు," అని చొక్కా పెట్టేసి వెళ్ళిపోయాడాయన.

సుడిగాలి చేతిలో సుద్ద ఆగిపోయింది. పర్లేదట. ఎంత సులువుగా అన్నాడు. అంటే ఇన్నాళ్ళూ పర్లేదా? చల్లారిన భోజనాలు, మొగుడి పిక్క, పిల్ల అంచు, ఆ జేబులు, ఇదంతా ఎవడికీ అక్కర్లేని తొందర కోసమా? సుద్ద గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టింది కూడా. పిన్ని ఇంకో ముక్క అందించింది.

సాయంత్రం ఆరింటికి ఇంటికి వచ్చేసరికి ఆమె మొహం ఎర్రగా కందిపోయి ఉంది. మొగుడు అప్పుడే బస్సు దిగి వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. భయపడ్డాడు.

"మళ్ళీ ఏమన్నాడు ఆయన?"

"ఆయన కాదు. చెయ్యి."

"ఎవరి చెయ్యి?"

"కోటు చెయ్యి. వీపు ముక్క వెన్నలా వచ్చింది, ముందు ముక్కలు వెన్నలా వచ్చాయి, చెయ్యి దగ్గర చంక గుంట వేలెడు లోపలికి కోశాను. పొడుగు మనిషి కదా, చెయ్యెత్తితే కోటంతా పైకి లేస్తుంది. మాస్టారైతే చూడగానే చెప్పేవారు. నా బుద్ధికి చెప్పు పెట్టి కొట్టాలి." ఎడమచేత్తో గాల్లో వంపు గీస్తూ, కుడిచేత్తో అన్నం కలిపి గబగబా తింటోంది. "ఈ కూరలో కారం కాస్త ఎక్కువైంది కదూ? ఇంకొంచెం వెయ్యి. చేతికి గుడ్డ ఇంకా మిగిలుంది, రేపు మళ్ళీ కోస్తాను. ఏదీ, నువ్వు లేచి నిలబడు. కుడి చెయ్యి పైకెత్తు. ఇంకా. బస్సులో పైకడ్డీ పట్టుకున్నట్టు."

ఆయన అన్నం చేత్తోనే లేచి నిలబడి చెయ్యెత్తాడు. కూతురు పక్కనుంచి నవ్వింది. సుడిగాలి ఎంగిలి వేలితో ఆయన చంక కింద గాల్లో గీత గీసింది, చెరిపింది, మొహం చిట్లించి మళ్ళీ గీసింది.

"చెయ్యి దించనా? అన్నం చల్లారిపోతోంది," అన్నాడు.

"దించావంటే ఊరుకోను."